హ్యాగర్డ్ అంటే చైనా కొలీగ్‌కి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో జాబ్ నాది, టీమ్‌లో సగం షాంఘై వాళ్ళే. నిన్న కాల్‌లో మేనేజర్ నన్ను చూసి యూ లుక్ హ్యాగర్డ్ అన్నాడు, తర్వాత అక్కడి అమ్మాయి పింగ్ చేసి అంటే టైర్డేనా అని అడిగింది. నాకు పీక్కుపోయిన మొహం అనే తోస్తోంది, ఆమెకెలా చెప్పను?

జవాబు 1:
టైర్డ్ కాదండీ. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టైర్డ్, ఒక రాత్రి పడుకుంటే పోద్ది. రోజుల తరబడి నిద్రలేక, దిగులుతోనో జబ్బుతోనో కళ్ళు లోపలికి పోయి చెంపలు పీక్కుపోతే అది హ్యాగర్డ్. మనుషులకే, అదీ మొహానికే ఎక్కువ వాడతారు, అరిగిన చెప్పులకి కాదు. మొహం మీద అనడం మాత్రం కాస్త మోటే, మీ మేనేజర్‌కి తెలీదేమో.

జవాబు 2:
చైనీస్‌లో ఛ్యావ్‌త్స్వే అనే మాటుంది, దాదాపు ఇదే, అది చెప్పండి చాలు. రాస్తే రెండక్షరాల్లోనూ ఎడమపక్క మనసు గుర్తుంటుంది, దిగులంతా అక్కడే కనిపిస్తుందన్నమాట. హ్యాగర్డేమో ఫ్రెంచ్ నుంచి వచ్చింది, పెద్దయ్యాక పట్టుకున్న, మచ్చిక కాని డేగని అలా అనేవాళ్ళట.

ప్రశ్న అడిగినవాణ్ణి:
చెప్పానండీ, వెంటనే అర్థమైంది. అయితే నువ్వు లీవ్ పెట్టు అంది.