చర్చ: కరిస్సా మూర్‌వి 5 టైటిళ్లా, 7 టైటిళ్లా? 2022, 2023 ఫైనల్స్ డే గొడవ

తీరంగట్టు:
మహిళల సర్ఫింగ్ రికార్డుల్లో కరిస్సా మూర్ పేరు మీద 5 ప్రపంచ టైటిళ్లున్నాయి: 2011, 2013, 2015, 2019, 2021. అయితే 2022, 2023 సీజన్లు కూడా ఆమె నంబర్ 1గానే ముగించింది. రెండేళ్లూ కాలిఫోర్నియాలోని లోయర్ ట్రెసల్స్‌లో జరిగిన ఒక్కరోజు ఫైనల్స్‌లో టైటిల్ చేజారింది. 2022లో స్టెఫనీ గిల్మోర్‌కి, 2023లో కారొలైన్ మార్క్స్‌కి దక్కింది. పాత పద్ధతిలో సీజన్ పాయింట్లే లెక్క అయ్యుంటే కరిస్సావి 7. గిల్మోర్ 8 దగ్గర కాకుండా 7 దగ్గర ఆగేది. పాత ఛాంపియన్ లేన్ బీచ్‌లీవి ఎలాగూ 7. అంటే ముగ్గురూ సమానం. ఈ గొడవ పదేపదే వేరే చర్చల్లోకి దూరిపోతోంది, అందుకే విడిగా పెడుతున్నాను.

పద్ధతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2021 నుంచి 2025 దాకా పాయింట్లలో మొదటి ఐదుగురు ఫైనల్స్‌కి వెళ్లేవాళ్లు, మగవాళ్లలో ఐదుగురు, ఆడవాళ్లలో ఐదుగురు. ముందు 5, 4 ర్యాంకులు తలపడతారు. గెలిచినవాళ్లు 3తో, అందులో గెలిచినవాళ్లు 2తో, చివరికి మిగిలినవాళ్లు 1తో. ఆఖరి పోరు మాత్రం మూడు హీట్లలో (హీట్ అంటే నీళ్లలో అరగంట పాటు సాగే ఒక విడత పోటీ) రెండు గెలవాలి (2025లో దీన్ని కొంచెం మార్చారు). మొదటి నాలుగేళ్లు ట్రెసల్స్‌లో, 2025లో ఫిజీలోని క్లౌడ్‌బ్రేక్‌లో జరిగింది. సీజన్ అంతా కూడబెట్టిన పాయింట్లకి ఆ రోజు విలువ లేదు, ర్యాంకుకే విలువ.

పాయింట్ల పుల్లయ్య:
7. ఇందులో తర్జనభర్జన ఎందుకో నాకర్థం కాదు.

ఈవెంట్ గెలిస్తే 10,000 పాయింట్లు, ఫైనల్‌లో ఓడితే 7,800, సెమీస్‌లో ఓడితే 6,085. 2022 సీజన్‌లో కరిస్సా గెలిచిన ఈవెంట్ ఒక్కటే, బ్రెజిల్‌లోని సాక్వరెమా. కానీ హవాయిలోని పైప్‌లైన్, ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్, ఇండోనేషియాలోని జీ-ల్యాండ్ మూడు చోట్లా ఫైనల్‌కి వెళ్లింది. ఈ నాలుగే కలిపితే 33,400. ఇప్పుడు ఆ నాలుగు అలలూ చూడండి. పైప్‌లైన్‌లో రీఫ్ (నీటి అడుగు రాతిగట్టు) మీద గొట్టంలా చుట్టుకునే అల. బెల్స్‌లో పొడుగ్గా సాగే కుడి అల. జీ-ల్యాండ్‌లో అంతకన్నా పొడుగైన ఎడమ అల. సాక్వరెమాలో ఇసుక అడుగు మీద విరిగే అల, ఈ రోజున్నట్టు రేపుండదు. నాలుగు చోట్లా ఆఖరి హీట్ దాకా నిలబడటమంటే మాటలా? ప్రపంచ ఛాంపియన్ అంటే అన్ని రకాల నీళ్లలో నెగ్గుకొచ్చే మనిషి. దాన్ని తీసుకెళ్లి ఒకే అల ముందు పెట్టి, మధ్యాహ్నం గంటన్నరలో తేల్చేశారు.

గూఫీఫుట్:
పుల్లయ్య గారూ, మీ 33,400 లెక్కకి నమస్కారం. ఇంకో లెక్క నేను చెప్తాను.

ఐదేళ్లలో మగవాళ్లవి, ఆడవాళ్లవి కలిపి 10 టైటిల్ పోర్లు జరిగాయి. 2021లో మగవాళ్లలో మెదీనా, ఆడవాళ్లలో కరిస్సా. 2022, 2023లో మగవాళ్లలో టొలేడో. 2024లో జాన్ జాన్ ఫ్లోరెన్స్, కేటీ సిమర్స్. 2025లో యాగో డోరా, మాలీ పిక్లమ్. ఈ ఎనిమిది పోర్లలోనూ నంబర్ 1గా వచ్చినవాళ్లే గెలిచారు. ఓడినవి రెండే, రెండూ కరిస్సావే. అది లాటరీయే అయితే మిగతావాళ్లకి ఎనిమిదికి ఎనిమిదిసార్లు ఎలా తగిలింది?

నాకౌట్ ఆమెకి పడదు అనడానికీ వీల్లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో మొట్టమొదటి మహిళల సర్ఫింగ్ స్వర్ణం ఆమెదే. త్సురిగసాకి బీచ్‌లో తుఫాను ముందు ఎగుడుదిగుడు నీళ్లలో, మూడో రౌండ్ నుంచి ఒక్క హీట్ ఓడితే ఇంటికే అన్న పోటీలో గెలిచింది. 2021 ఫైనల్స్ కూడా ఇదే ట్రెసల్స్‌లో టాటియానా వెస్టన్-వెబ్ మీద 2-1తో గెలిచింది. ఆ ఏడాది ఈ పద్ధతి బాగుంది, తర్వాతి ఏడాది పాడైపోయిందా?

పాయింట్ల పుల్లయ్య:
మీ లెక్క నా వాదననే బలపరుస్తోంది. నంబర్ 1 గెలిచిన ఎనిమిదిసార్లూ ఆ రోజు కొత్తగా తేల్చిందేమీ లేదు, సీజన్ చెప్పిందే మళ్లీ చెప్పింది. తేడా తెచ్చింది రెండేసార్లు, ఆ రెండు దెబ్బలూ ఒకే మనిషి మీద పడ్డాయి.

ఆటుపోటు:
ఇద్దరూ ట్రెసల్స్ సంగతి పట్టించుకోవడం లేదు. అసలు తకరారు ఆ నీళ్లలో ఉంది.

లోయర్ ట్రెసల్స్ అడుగున గుండ్రాళ్లు. దక్షిణం, నైరుతి నుంచి వచ్చే స్వెల్ (కెరటాల వరస) ఆ రాళ్ల మీద ఎక్కి కొనలా లేచి రెండు వైపులా విరుగుతుంది. కుడివైపు పొడుగ్గా సాగుతుంది, మూడు నుంచి ఐదు పెద్ద టర్న్‌లకి (బోర్డుని తిప్పే మలుపులకి) చోటుంటుంది. ఎడమవైపు పొట్టి, కాస్త నిటారు. ఎయిర్స్ (అల మీంచి గాల్లోకి ఎగిరే విన్యాసాలు) చేసేవాళ్లకి అది లాభం. కార్వింగ్ (అల ముఖాన్ని కోసినట్టు తీసే పెద్ద మలుపులు) మీద బతికేవాళ్లకి కుడి అల తప్పనిసరి. గిల్మోర్, కరిస్సా ఇద్దరూ ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లే, కుడి అల మీద ముఖం అల వైపే ఉంటుంది. కాబట్టి ఇద్దరికీ కావాల్సింది ఆ ఒక్క కుడి అలే.

ఇక్కడే ప్రయారిటీ వస్తుంది. ప్రయారిటీ ఉన్నవాళ్లు ఏ అలనైనా ఎంచుకోవచ్చు, రెండోవాళ్లు అడ్డు రాకూడదు. అల ఎక్కగానే ప్రయారిటీ పోతుంది. చేతులేసి ఈది అల అందుకోలేకపోయినా పోతుంది. దూరం నుంచి వచ్చే స్వెల్‌లో సెట్‌కీ సెట్‌కీ (సెట్ అంటే వరసగా వచ్చే పెద్ద అలల గుంపు) మధ్య చాలా గ్యాప్ ఉంటుంది, అరగంట హీట్‌లో పనికొచ్చే సెట్లు నాలుగో ఐదో. సెట్‌లో మొదటి అల చూసి తొందరపడి ప్రయారిటీ ఖర్చు చేశారనుకోండి, వెనకాల వచ్చే పెద్దది ఎదుటివాళ్లకి అప్పనంగా అప్పజెప్పినట్టే. ఇక తిరిగి లైనప్‌కి (అల కోసం కాచుకునే చోటికి) ఈదుకుంటూ వెళ్లేసరికి నాలుగైదు నిమిషాలు పోతాయి.

స్కోరు సంగతి. ఐదుగురు జడ్జీలు 10కి మార్కులేస్తారు, పైదీ కిందదీ తీసేసి మిగతా మూడింటి సగటు. హీట్ మొత్తంలో మంచివి రెండే అలలు లెక్క, 20కి. నాకు 6.50, 4.40 ఉన్నాయి, మొత్తం 10.90. ఎదుటివాళ్లది 15.00. నా 4.40ని తీసేసి కొత్తది పెట్టాలి, అంటే 8.51 కావాలి. జడ్జీల భాషలో 8 దాటితే అద్భుతం, 6 నుంచి 8 లోపు బాగుంది. అదే ఎదుటివాళ్లది 17.00 అయితే నాకు 10.51 కావాలి, ఒక్క అలకి అది అసాధ్యం. కొత్తగా రెండు అలలు కావాలి. దీన్నే కాంబో అంటారు. కాంబోలో పడ్డవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది: ఒకే అలలో అంతా రాబట్టాలని మొదటి టర్న్‌కే బోర్డుని మరీ నిలువుగా లేపి పడిపోవడం. ముందు ఒక 7 తెచ్చుకుని కాంబోలోంచి బయటపడాలి, తర్వాతే పెద్దదాని కోసం ఆగాలి.

ఇప్పుడు అసలు విషయం. 5వ ర్యాంకుతో మొదలైన గిల్మోర్ ఆ రోజు బ్రిసా హెనెస్సీ, టాటియానా, జోహాన్ డిఫే మీద వరసగా గెలిచి, తర్వాత కరిస్సాని 2-0తో ఓడించింది. మొత్తం ఐదు హీట్లు. ఐదింట్లోనూ అదే అల, అదే గట్టు. ఏ అల లోపలి దాకా సాగుతుంది, ఏది మధ్యలో మెత్తబడిపోతుంది, ఆ రోజు జడ్జీలు ఏ టర్న్‌కి ఎంతేస్తున్నారు, అన్నీ ఒంటికి పట్టేశాయి. కరిస్సాకి అవన్నీ ఒడ్డు మీద నుంచి చూసిన సంగతులు.

కొత్త సభ్యుడు:
చిన్న సందేహం. ఐపీఎల్‌లో కూడా టేబుల్ టాపర్ ఫైనల్లో ఓడితే కప్పు పోతుంది కదా, దాన్ని ఎవరూ అన్యాయం అనరు. ఇక్కడే ఎందుకింత రచ్చ?

ఆటుపోటు:
ఐపీఎల్ మొదటి నుంచీ అలాగే మొదలైంది. సర్ఫింగ్‌లో 1976లో ప్రొఫెషనల్ టూర్ మొదలైనప్పటి నుంచి 2019 దాకా పాయింట్లే. పైగా ఐపీఎల్ పిచ్‌కి క్యూరేటర్ ఉంటాడు. దక్షిణ కాలిఫోర్నియాలో పొద్దున గాలి ఉండదు, నీళ్లు నున్నగా ఉంటాయి. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి లేచి అల ముఖం గరుకెక్కుతుంది. పద్ధతి ప్రకారం నంబర్ 1 నీళ్లలో దిగేది ఆఖర్న.

గూఫీఫుట్:
ఆ గాలి ఇద్దరికీ ఒకటే కదా, అదే హీట్‌లో ఉన్నారు. మరి అలసట? మూడు హీట్లు పూర్తిచేసుకుని వచ్చిన 34 ఏళ్ల మనిషి, విశ్రాంతిగా ఉన్న మనిషితో తలపడింది. గిల్మోర్ ఓడి ఉంటే అందరూ భుజాలు పడిపోయాయి పాపం అనేవాళ్లు.

ఆటుపోటు:
అలసట నిజమే, కానీ హీట్ల మధ్య మగవాళ్ల హీట్లు వస్తాయి, కోలుకునే టైమ్ ఉంటుంది. ట్రెసల్స్ అల పైప్‌లైన్‌లా మనిషిని మింగి ముంచే రకం కాదు. లైనప్‌కి తిరిగి వెళ్లడం కూడా పెద్ద కష్టం కాదు. అదే క్లౌడ్‌బ్రేక్‌లో ఐదు హీట్లంటే కథ వేరు.

సెట్‌వేవ్:
పుల్లయ్య గారి 7 మీద నాకు వేరే అభ్యంతరం ఉంది. 2022 పాయింట్లని పాత పద్ధతి లెక్కలో చదవడమే తప్పు. ఆ ఏడాది ఎవరూ పాత పద్ధతిలో ఆడలేదు. అప్పట్లో సీజన్ సగంలో కోత పడేది, ర్యాంకుల్లో వెనకబడ్డ మహిళలు ఇంటికి పోయేవాళ్లు. అక్కడ గండం గట్టెక్కాక లక్ష్యం నంబర్ 1 కాదు, టాప్ 5. నాలుగో ర్యాంకులో ఉన్న మనిషి చివరి ఈవెంట్‌కి వెళ్లేటప్పుడు వెనకున్న ఆరో ర్యాంకుని చూసుకుంటుంది తప్ప ముందున్న కరిస్సాని కాదు. గిల్మోర్‌కి ఆ ఏడాది పైప్‌లైన్ కోవిడ్ వల్ల పోయింది, ఎల్ సాల్వడార్ గెలిచింది, ఐదో స్థానం చాలు కాబట్టి చాలింది. పాయింట్లే టైటిల్ అయ్యుంటే ఈ ఐదుగురూ మరోలా ఆడేవాళ్లు. కరిస్సా అప్పుడు కూడా గెలిచేదేమో, కానీ టైటిళ్ల లెక్కలో గెలిచేదేమోలు కలపకూడదు.

పాయింట్ల పద్ధతేం గంగాజలం కాదు కూడా. 1976లో తొలి ఛాంపియన్ పీటర్ టౌనెండ్ ఆ ఏడాది ఒక్క ఈవెంట్ కూడా గెలవలేదు. 2011లో శాన్ ఫ్రాన్సిస్కోలో కెల్లీ స్లేటర్ 11వ టైటిల్‌ని కూడిక తప్పి ముందే ప్రకటించేశారు, తర్వాత ఇంకో హీట్ గెలిస్తే గానీ అది నిజం కాలేదు. అదే 2011లో 18 ఏళ్ల కరిస్సా ఆఖరి ఈవెంట్ మిగిలుండగానే ఛాంపియన్ అయిపోయింది. ఇక ఆ ఆఖరి ఈవెంట్‌లో టైటిల్ కోసం చూడటానికేముంది? ఈ ఉప్పులేని ముగింపుల వల్లే ఫైనల్స్ డే పెట్టారు.

పాయింట్ల పుల్లయ్య:
ఉప్పులేని ముగింపు చూసేవాళ్ల కష్టం. సర్ఫర్ కష్టం కాదు. సెట్‌వేవ్ గారి మొదటి పాయింట్ మాత్రం గట్టిది, ఒప్పుకుంటాను. అయినా 2023 సంగతేంటి? ఆ ఏడాది పైప్‌లైన్, మార్గరెట్ రివర్, సర్ఫ్ రాంచ్ మూడూ కరిస్సావే. మార్క్స్ మూడో ర్యాంకుతో వచ్చింది.

గూఫీఫుట్:
2023 మీద నేను రాజీపడను. మార్క్స్ కుడి కాలు ముందు పెట్టే గూఫీ. ట్రెసల్స్ కుడి అల మీద ఆమె వీపు అల వైపు. మామూలుగా అది లోటు. కానీ మార్క్స్ బ్యాక్‌సైడ్ (వీపు అల వైపు ఉంచి ఆడే ఆట) చూడండి: బాటమ్ టర్న్ అడుగుదాకా దించి, మోకాళ్లు ముడిచి, బోర్డు ముక్కుని నిట్టనిలువుగా లిప్‌కి (అల పై అంచుకి) కొట్టి, నీటి తునకలు లేచేలా తిప్పుతుంది. తర్వాత వేగం తగ్గకుండా మళ్లీ అదే. వేగం, బలం, ప్రవాహం మూడూ జడ్జింగ్ ప్రమాణాల్లో రాసున్నవే, నిలువు కోణంలో కొట్టే దెబ్బకి కష్టం, తెగింపు అన్న ప్రమాణం కూడా తోడవుతుంది. అదే ఏడాది మార్క్స్ తహితిలోని టీహుపో గెలిచింది, 2024లో అదే టీహుపోలో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచింది. పోటీ పద్ధతి దయ వల్ల వచ్చిన ఛాంపియన్ అంటే కుదరదు. ఆ ఒలింపిక్స్‌లో కరిస్సా క్వార్టర్స్‌లోనే డిఫే చేతిలో ఓడింది.

ఆటుపోటు:
మార్క్స్ గొప్పదనం మీద నాకు తగాదా లేదు. ఒకే అల మీద నాలుగేళ్ల ఛాంపియన్‌షిప్ నడపాలనుకోవడం మీద ఉంది. టొలేడోని చూడండి, ట్రెసల్స్ ఆయన పెరట్లో అల లాంటిది, అక్కడే రెండు టైటిళ్లు. టీహుపోలో పెద్ద అలలు లేచినప్పుడు ఆయన ఆట మీద వచ్చిన విమర్శలు అందరికీ తెలిసినవే.

తీరంగట్టు:
2026 నుంచి ఫైనల్స్ డే లేదు. సీజన్ పాయింట్లే, ఆఖరి ఈవెంట్ డిసెంబర్‌లో పైప్‌లైన్, దానికి మామూలు ఈవెంట్‌కన్నా ఎక్కువ పాయింట్లు. గెలిచినవాళ్లకి 10,000 బదులు 15,000.

సెట్‌వేవ్:
అదీ మళ్లీ ఒక అల వైపు మొగ్గడమే కదా. పైప్‌లైన్‌లో రెండో స్థానానికీ మొదటి స్థానానికీ తేడా మిగతా చోట్ల కన్నా ఒకటిన్నర రెట్లు, అంటే 2,200 బదులు 3,300. పట్టికలో అంత దగ్గరగా ఇద్దరుంటే ఆ ఒక్క హీటే టైటిల్. ట్రెసల్స్ మీద కోప్పడ్డవాళ్లు దీని మీద కూడా కోప్పడాలి.

పాయింట్ల పుల్లయ్య:
కోప్పడతాను, కానీ తక్కువ. కనీసం అక్కడిదాకా తెచ్చుకున్న పాయింట్లు చేతిలోనే ఉంటాయి. పైప్‌లైన్‌లో కరిస్సా లెక్క కూడా చూడండి: 2020 డిసెంబర్‌లో టైలర్ రైట్ చేతిలో ఫైనల్లో ఓటమి, 2022లో మోఆనా జోన్స్ వాంగ్ చేతిలో ఫైనల్లో ఓటమి, 2023లో గెలుపు. మూడు పోటీలు, మూడుసార్లూ ఫైనల్. ఈ కొత్త పద్ధతి 2022లోనే వచ్చి ఉంటే మీరందరూ నాతో 7 అనేవాళ్లు.

గూఫీఫుట్:
మళ్లీ వచ్చి ఉంటే. 2024లో అదే పైప్‌లైన్‌లో ఆమె ఇంకో ఈవెంట్ కూడా ఆడింది, ఫైనల్‌కి రాలేదు. అది కూడా కలిపి నాలుగు పోటీలు రాయండి పుల్లయ్య గారూ.