"నిశ్శేషంగా భాగించబడుతుంది" అనాలా, "ఎక్కంలో పోతుంది" అంటే తప్పా?

అందరికీ నమస్తే, ఒక డౌటు. మా అమ్మాయి 12,34,56,789 ప్రధాన సంఖ్యేనా అనడిగింది. అంకెలన్నీ కూడితే 45, అది తొమ్మిదో ఎక్కంలో పోతుంది, అంటే ఈ సంఖ్య కూడా పోతుంది, ఇంక ప్రధాన సంఖ్య ఎలా అవుతుందే అన్నా. దానికి లెక్క నచ్చింది గానీ నా మాట నచ్చలేదు, "పోతుంది కాదు నాన్నా, 9 చే నిశ్శేషంగా భాగించబడుతుంది అని రాయాలి" అంది. నాది అంత మోటు మాటా?

— మోటు కాదండీ. నిశ్శేషం మంచి మాటే, నిః + శేషం, శేషం లేకుండా అని. కాకపోతే మామూలుగా మనం నిశ్శేషంగా నాశనమైంది అన్నప్పుడే వాడతాం, అందుకే లెక్కల్లో వింటే పాపం ఆ సంఖ్యకేదో అయిపోయినట్టుంటుంది 😄 నాకు అసలు చిరాకు ఆ "బడు"తో. ఉత్తరం రాయబడింది అని ఇంట్లో ఎవరైనా అంటారా?

— ఒక్క చిక్కుంది. "9 లోంచి 4 పోతే 5" అంటాం కదా, అక్కడ పోవడం తీసివేత. పిల్లలు తికమకపడరా?

— పడరండీ, విభక్తే చెప్పేస్తుంది. "లోంచి" పోతే తీసివేత, "ఎక్కంలో" పోతే భాగహారం. పోకపోతే "మిగులుతుంది", అదీ తేట తెలుగే. ఇదే సంఖ్యని 7తో చూడండి, కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి 789 లోంచి 456 తీసి 123 కలిపితే మళ్ళీ 456 వస్తుంది (భలే ఉంది కదా), 7 × 65 = 455, ఒకటి మిగిలింది. 13 × 35 కూడా 455 కాబట్టి 13 కీ ఒకటే మిగులుతుంది. 11 కి మాత్రం 5. ఈ మూడింటికీ ఒకే కిటుకు ఎందుకంటే 7 × 11 × 13 = 1001. మన కోటి, లక్ష కామాలు పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఈ లెక్క కుదరదు, వాటిని చెరిపి మూడేసి చొప్పున పెట్టుకోవాలి.

— బావుంది గానీ మీ "ఎక్కం" ఎంతదాకా వస్తుంది? అదే సంఖ్యని 9తో భాగిస్తే 1,37,17,421. అది 3607 × 3803, రెండూ ప్రధాన సంఖ్యలే. "3607వ ఎక్కంలో పోతుంది" అంటారా? అక్కడ కారణాంకం అనాల్సిందే.

— హహ, ఒప్పుకున్నా. ఎక్కం ఇరవై దాకానే, ఆ పైన కారణాంకం. "భాగించబడు" మాత్రం ఎక్కడా వద్దు, "9తో భాగిస్తే శేషం రాదు" అని రాయమనండి మీ అమ్మాయిని, మార్కులూ పోవు.

— "పోవు" అన్నారు చూశారా, ఇది ఏ పోవడం?

— మార్కుల "లోంచి" అండీ 😄