దేశపు జట్టు జెర్సీ మీద డిజైన్ ఎంత ఉంటే ఎక్కువైనట్టు?

కార్నర్‌జెండా:
2024 యూరో ఫుట్‌బాల్ కప్‌లో క్రొయేషియా జెర్సీ చూశారుగా. ఎర్ర తెల్ల గడులు ఆ దేశపు గుర్తే, కాదనను. కానీ గడి సైజు అంత పెంచేసరికి గుర్తు కాస్తా డైనింగ్ టేబుల్ మీద గుడ్డలా తయారైంది. అదే ఏడాది ఇంగ్లండ్ కాలర్ వెనక, వాళ్ల జెండా మీది ఎర్ర సెయింట్ జార్జ్ శిలువకి నీలం, ఊదా రంగులు పూస్తే అక్కడి ప్రధాని, ప్రతిపక్ష నేత ఇద్దరూ నోరు చేసుకోవాల్సి వచ్చింది. నా మాట ఒక్కటే. హోమ్ జెర్సీ అంటే తాతల నాటి రంగు ఒక్కటే, వేరే రంగు కాలర్, బ్యాడ్జి. అంతటితో ఆగాలి. సరదాలన్నీ 'అవే' కిట్‌లో, అంటే రంగులు కలిసినప్పుడు మార్చుకునే రెండో జెర్సీలో తీర్చుకోండి. కాదనేవాళ్లు కారణంతో రండి.

నూలుపోగు:
కాదంటున్నాను. "తాతల నాటి రంగు" అనేదే సగం భ్రమ. బ్రెజిల్ 1950లో మరకానా మైదానంలో ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడినప్పుడు వేసుకున్నది తెలుపు. ఆ తర్వాత 1953లో ఓ పత్రిక కొత్త కిట్ కోసం పోటీ పెట్టింది. జెండాలోని పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు నాలుగూ ఉండి తీరాలన్నది షరతు. గెలిచింది అల్దీర్ గార్సియా ష్లీ అనే కుర్రాడు. ఈ రోజు అందరూ ముట్టుకోవద్దంటున్న పసుపు జెర్సీ అలా పోటీలో పుట్టిందే. ఇటలీ నీలం వాళ్ల జెండాలో వెతికినా దొరకదు, అది ఒకప్పుడు అక్కడ ఏలిన సవాయ్ రాజవంశపు రంగు. నెదర్లాండ్స్ నారింజదీ అదే కథ. అలవాటైన కొద్దీ అదే సంప్రదాయం అయింది.

కార్నర్‌జెండా:
ష్లీని తెచ్చి నా పనే తేలిక చేశారు. నాలుగు రంగుల్నీ ఒకే చొక్కాలో కుక్కలేదు ఆయన. పసుపు చొక్కా, దానికి ఆకుపచ్చ కాలర్, చేతి అంచులు, కింద నీలం షార్ట్స్, తెల్ల సాక్స్. తల నుంచి కాలి దాకా పంచాడు. చొక్కా మాత్రం ప్లెయిన్‌గానే ఉంది కదా?

స్క్రీన్‌మెష్:
రంగు గొడవ పక్కన పెట్టి, గడుల డిజైన్ అసలు ఎక్కడ చెడుతుందో చూద్దాం. గడులు, గీతలు ఎక్కువగా సబ్లిమేషన్‌లో వేస్తారు. ముందు కాగితం మీద అచ్చు వేసి, దాన్ని తెల్ల పాలిస్టర్ మీద దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కితే రంగు ఆవిరై పోగులోకి దిగుతుంది. పద్ధతి మంచిదే. ముందు ముక్క, వెనక ముక్క, చేతులు విడివిడిగా అచ్చయ్యాకే కుట్టుకు వెళ్తాయి. వేడికి బట్ట కొంచెం ముడుచుకుంటుంది, అన్ని ముక్కలూ ఒకేలా ముడుచుకోవు. దాంతో పక్క కుట్టు దగ్గర ముందు గడి ఒకచోట, వెనక గడి ఒకచోట. రాగ్లాన్ చేతులు, అంటే మెడ నుంచి చంకకి ఏటవాలుగా కుట్టేవి, పెడితే మరీ ఘోరం. ఏటవాలు కుట్టు మీద గడులు కలపాలని చూడటం అనవసరపు శ్రమ.

ఇక సైజులు. స్మాల్‌కి గీసిన బొమ్మనే డబుల్ ఎక్సెల్‌కి సాగదీస్తే గడి పెద్దదవుతుంది, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఆటగాళ్లు రెండు వేర్వేరు జట్లలా ఉంటారు. గడి సైజు మార్చకపోతే అంచున సగం గడి తెగుతుంది. దీనికి తేలికైన మందు ఒకటుంది. చంక కింద నుంచి అంచు దాకా ఒకే రంగు ముక్క వేయండి. ముందు డిజైన్, వెనక డిజైన్ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి కలవలేదన్న సంగతి కంటికి తెలియదు.

గడి మరీ చిన్నదైనా తంటానే. గ్యాలరీ పైవరస నుంచి చూస్తే ఎరుపు, తెలుపు కలిసిపోయి గులాబీ రంగు కనబడుతుంది. కాబట్టి కార్నర్‌జెండా గారూ, గడి పెంచినందుకు ఆ డిజైనర్‌ని మరీ తిట్టకండి.

ఆఫ్‌సైడ్‌గీత:
వీపు సంగతి వదిలేశారు. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో వెనక అంకె ఎత్తు 25 నుంచి 35 సెంటీమీటర్లు ఉండాలి. గడుల మీద ఆ అంకె నాలుగైదు గడుల్ని దాటుతుంది. నీలం అంకె తెల్ల గడి మీద పలుకుతుంది, ఎర్ర గడి మీద మునిగిపోతుంది. చుట్టూ తెల్ల అంచు కడితే కొంత నయం. అసలు మందు మాత్రం వీపు ప్లెయిన్‌గా వదిలేయడమే. 1990 పశ్చిమ జర్మనీ జెర్సీ గుర్తు తెచ్చుకోండి, ఇనా ఫ్రాన్జ్‌మన్ గీసింది. ఛాతీ మీద నలుపు, ఎరుపు, బంగారు రంగుల పట్టీ మెలికలు తిరుగుతూ పోతుంది. వీపు మాత్రం తెలుపు, దాని మీద నల్ల అంకె. అంత హడావుడి ఉన్నా అంకె దగ్గర తికమక లేదు.

ఇంకోటి. గడుల హోమ్ జెర్సీ 'అవే' కిట్‌ని కూడా తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది. ఎరుపు తెలుపు గడులు ఎర్ర జట్టుతోనూ గొడవే, తెల్ల జట్టుతోనూ గొడవే. అప్పుడు 'అవే' కిట్ ముదురు నీలమో నలుపో అయి తీరాలి, వేరే దారి లేదు. కిట్లలో ఒకటి లేత, ఒకటి ముదురు ఉండాలనే పట్టుదల ఊరికే రాలేదు. 1978 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్, హంగరీ రెండూ తెల్ల జెర్సీలతో దిగాయి. చివరికి ఫ్రాన్స్ మార్ డెల్ ప్లాటాలోని కింబర్లీ క్లబ్బు దగ్గర ఆకుపచ్చ తెలుపు చారల చొక్కాలు అరువు తెచ్చుకుని ఆడింది!

రంగు తేడా ఉంటే చాలనుకోవద్దు. 2018 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో రష్యా ఎరుపు, సౌదీ అరేబియా ఆకుపచ్చ. మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి రంగుల తేడా, అందులోనూ ఎరుపు ఆకుపచ్చల తేడా, సరిగా తెలియదు. పరీక్ష చాలా తేలిక. రెండు జెర్సీల ఫొటోలనీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రెండూ ఒకే బూడిద రంగుకి వస్తే ఒకటి మార్చాల్సిందే.

నూలుపోగు:
అంకెల మాట వచ్చింది కాబట్టి, ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల అంకె అతికించేవాళ్లకి ఒక హెచ్చరిక. వేడికి బట్టలోని ఎర్ర రంగు పైకి పాకి తెలుపుని గులాబీ చేస్తుంది. అతికించిన రోజు తెల్లగా మెరుస్తుంది, నాలుగు రోజులు పెట్టెలో ఉన్నాక బయటపడుతుంది. రంగుని ఆపే పొర ఉన్న ఫిల్మ్ వాడాలి, తక్కువ వేడికే అంటుకునే రకం అయితే ఇంకా మంచిది. వేడి లెక్క తప్పితే బట్ట కూడా పోతుంది. 2016 యూరోలో ఫ్రాన్స్ మీద ఆడుతుండగా స్విట్జర్లాండ్ జెర్సీలు వరసగా చిరిగాయి గుర్తుందా? తయారీలో వేడి, ఒత్తిడి, సమయం అదుపు తప్పి ఒక బ్యాచ్‌లో నూలు దెబ్బతిందని కంపెనీయే చెప్పింది.

కార్నర్‌జెండా:
సరే, ఒక మెట్టు దిగుతాను. ముందు డిజైన్ ఉండొచ్చు. పక్కలు, వీపు ప్లెయిన్. లేదంటే 1998 మెక్సికోలా చేయండి. అక్కడి ప్రాచీన అజ్టెక్‌ల రాతి చక్రం బొమ్మ మొత్తం ఉంది, కానీ ఆకుపచ్చ మీద ఆకుపచ్చే. దగ్గరికెళ్తే బొమ్మ, దూరం నుంచి మెక్సికో. ఇంగ్లండ్ కాలర్ విషయంలో మాత్రం మెట్టు దిగను.

స్క్రీన్‌మెష్:
అక్కడ దిగాల్సిన పనీ లేదు, ఎక్కాల్సిన పనీ లేదు. ఆ శిలువ వేలెడంత ఉంది, అదీ మెడ వెనక. జుట్టు కాస్త పెరిగితే కనబడదు. అది జెండా గొడవ, దాన్ని తెచ్చి దర్జీ లెక్కలో వేయకండి.