విజయవాడ, గుంటూరుల్లో కథోలిక వార్తల రిపోర్టింగ్ కెరీర్‌గా పనికొస్తుందా?

బెజవాడ_డెస్క్:
విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ఎడిటర్‌గా ఉన్నాను. గుణదల ఉత్సవాల మూడు రోజులు తప్పితే కథోలిక సంఘం వార్తల్ని పట్టించుకునే రిపోర్టర్ మా దగ్గర లేరు. ఆ బీట్ నేను తీసుకోవాలనుకుంటున్నాను. నేను ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? దీని మీదే బతకొచ్చా?

విచారణ_వార్త:
ఆర్‌సీఎం కాకపోతే ఏమీ ఫర్వాలేదండీ. ముందు ఎవరు ఎవరి కింద పనిచేస్తారో తెలుసుకోండి, తప్పులన్నీ అక్కడే పుడతాయి. విజయవాడ మేత్రాసనం (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) 1937లో బెజవాడ పేరుతో, గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడ్డాయి. రెండూ విశాఖపట్నం అగ్రపీఠం (ఆర్చిబిషప్ పీఠం) పరిధిలోవి. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాక చాలామంది "విజయవాడ బిషప్ హైదరాబాద్ కార్డినల్ కింద పనిచేస్తారు" అని రాసేస్తున్నారు. అది తప్పు. కార్డినల్ అయితే పోపు ఎన్నికలో ఓటు వస్తుంది, పక్క మేత్రాసనం మీద పెత్తనం రాదు. ఏ బిషప్ అయినా నేరుగా రోముకే జవాబుదారీ.

ఫాదర్ల బదిలీల విషయంలోనూ ఇదే గందరగోళం. విచారణల్లో (పారిష్‌ల్లో) ఉండే మేత్రాసన గురువుల్ని బిషప్ బదిలీ చేస్తారు. ఆంధ్ర లొయోలా కాలేజీ నడిపే యేసుసభ (జెసూట్) ఫాదర్లను మాత్రం వాళ్ల ప్రొవిన్షియల్, అంటే ఆ సభ ప్రాంతీయ పెద్ద, బదిలీ చేస్తారు. అది తెలియక బిషప్ హౌస్‌కి ఫోన్ చేస్తే "మాకు తెలియదు" అంటారు, మనమేమో దాస్తున్నారని రాసేస్తాం.

ఇక మాటలు. ఫాదర్‌ను పాస్టర్ అని, పూజను ఆరాధన అని రాయకండి. "క్రైస్తవ బిషప్" అంటే ఏ సంఘమో తెలియదు, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం, ప్రొటెస్టంట్లది) వాళ్లకూ బిషప్ ఉంటారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఏఈఎల్‌సీ లూథరన్లది. పెద అవుటపల్లి బ్రదర్ జోసెఫ్ తంబి గారిని జనవరి ఉత్సవాలప్పుడు కొందరు "పునీత" అని రాస్తారు. ఆయనకు ఇప్పటికి ఉన్నది దైవసేవకుడు అనే హోదా. పునీతుడు కావాలంటే మధ్యలో ఇంకో రెండు మెట్లు దాటాలి. ఆ ఒక్క మాట చూసే విశ్వాసులు మీ పేపర్‌ను నమ్మాలో వద్దో తేల్చుకుంటారు.

గుణదల గురించి కూడా చెబుతాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు మారవు. 1858 ఫిబ్రవరి 11న లూర్దులో మరియమాత తొలిసారి కనిపించారన్న నమ్మకంతో వచ్చిన పండుగ అది. ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా అదే రోజు, మంచాల మీద వచ్చే రోగుల కథనాలకు అది ఆధారం. ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి: గురువు అప్పాన్ని, పాత్రను పైకెత్తే ఘడియలో ఫ్లాష్ వేయకూడదు, బలిపీఠానికీ జనానికీ మధ్య నడవకూడదు. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) నాలుక మీద పెడుతుండగా దగ్గర్నుంచి తీసిన ముఖాలు వేయకండి, చాలామంది బాధపడతారు. జనం లెక్క రాస్తే పోలీసులు చెప్పారా, పుణ్యక్షేత్రం వాళ్లు చెప్పారా అన్నది అదే వాక్యంలో ఉండాలి.

మధ్యాహ్న_బులెటిన్:
పై సలహాకి ఇంకోటి కలుపుతాను. కొత్త బిషప్ నియామకం ఈ బీట్‌లో అతి పెద్ద స్థానిక వార్త. అది వాటికన్ పత్రికా కార్యాలయం రోజువారీ బులెటిన్‌లో రోము టైము మధ్యాహ్నం 12కి వస్తుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మనకది 3:30, మిగతా నెలల్లో 4:30. "రినున్చె ఎ నోమినె" అనే శీర్షిక చూడండి, అంటే రాజీనామాలు, నియామకాలు. దాని కింద "హా నోమినాతో" అని ఉంటే నియమించారని, "హా అచ్చెత్తాతో లా రినున్చా" అని ఉంటే రాజీనామా ఆమోదించారని. ఈ పాటి ఇటాలియన్ ఒక వారంలో వస్తుంది.

బిషప్ 75 ఏళ్లు నిండగానే రాజీనామా లేఖ పంపాలి, కథోలిక సంఘ చట్టంలోని 401వ కానన్ (నిబంధన) చెప్పేది అదే. పంపగానే పదవి పోదు, పోపు ఆమోదించేదాకా ఆయనే బిషప్. "75 నిండాయి, బిషప్ రిటైర్" అని రాసి తర్వాత సవరణ వేసుకునే పరిస్థితి ఇలాగే వస్తుంది. నియామకం రోజే "బాధ్యతలు స్వీకరించారు" అని రాయడం ఇంకో తప్పు. అప్పటికి బిషప్ కానివారైతే నియామక పత్రం అందిన 4 నెలల్లోపు, ఇప్పటికే బిషప్ అయినవారైతే 2 నెలల్లోపు పీఠం స్వీకరించాలి. కాబట్టి ఒక్క నియామకం మీద మీకు వార్తలు రెండు: ప్రకటన రోజు ఒకటి, పీఠం ఎక్కే రోజు ఒకటి. జీవిత విశేషాలు ముందే తయారుగా పెట్టుకోండి. 1983 కానన్ చట్టం వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో బిషప్పుల మీద, విచారణల మీద ఉన్న భాగాలు చదివితే సగం పని అయినట్టే.

కాగితం_ఉందా:
బతుకు సంగతి సూటిగా చెబుతాను. తెలుగు పత్రికల్లో ఈ ఒక్క బీట్ మీద ఇల్లు గడవదు. కోర్టులు, రెవెన్యూ, విద్య బీట్లు పక్కన పెట్టుకోండి, అవి దీనికి పనికొస్తాయి కూడా. ఇంగ్లీషులో రాయగలిగితే ఉకాన్ లాంటి కథోలిక వార్తా సంస్థలు ఇక్కడి కథనాలు తీసుకుంటాయి. వాళ్లకు ఉత్సవం ఫోటో అక్కర్లేదు, దళిత క్రైస్తవుల విషయం కావాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ, వాళ్ల కోటా 1 శాతం. ఒక పిల్లాడి చేతిలోని కుల ధ్రువపత్రంలో ఆ మూడక్షరాలు ఏ సీటు తెస్తాయో, ఏది పోగొడతాయో రాస్తే గుంటూరు పల్లెల్లో చదవని ఇల్లుండదు.

భూముల గొడవలు ఎక్కువగా వస్తాయి. ఎవరో చెప్పారని రాయకండి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, కేసు ఉంటే ఈ-కోర్ట్స్‌లో నంబరు చూడండి, విదేశీ విరాళాలుంటే ఎఫ్‌సీఆర్ఏ వార్షిక రిటర్న్ ఎఫ్‌సీ-4 అడగండి. వివరణ కోసం విచారణ ఫాదర్ని పట్టుకుంటే ఆయనకు మాట్లాడే అధికారం చాలాసార్లు ఉండదు. వికార్ జనరల్‌కి (బిషప్ తర్వాతి అధికారి) గానీ ఛాన్సలర్‌కి (మేత్రాసన రికార్డులు చూసే అధికారి) గానీ ప్రశ్నలు రాసి పంపండి, జవాబుకు కనీసం ఒక రోజు ఇవ్వండి.

లైంగిక వేధింపుల ఫిర్యాదులప్పుడు ఇంకా జాగ్రత్త. పోక్సో సెక్షన్ 23 కింద పిల్లల పేరే కాదు, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టే ఏ వివరమూ ఇవ్వకూడదు. చిన్న ఊళ్లో హాస్టల్ పేరు రాస్తే పిల్ల పేరు రాసినట్టే. పెద్దవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది. ఫిర్యాదు బిషప్ మీదే అయితే 2019 నాటి పోపు ఉత్తర్వు ప్రకారం అది రోముకూ అగ్రపీఠాధిపతికీ వెళ్లాలి, మనకైతే విశాఖపట్నం. పైన విచారణ_వార్త గారు ఎవరు ఎవరి కిందో తెలుసుకోమన్నది ఇందుకే.

ఒక్కటి మాత్రం ఖాయంగా పెట్టుకోండి. మేత్రాసన మీడియా విభాగంలో జీతం, పేపర్లో అదే బీట్, రెండూ కలిపి చేయకండి. ప్రార్థన గోష్ఠి వీడియో తీసిచ్చి డబ్బు తీసుకున్నా సరే, భూమి కేసు రాసేటప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు.

బెజవాడ_డెస్క్:
చాలా కృతజ్ఞతలండీ. చిన్న సందేహం. నియామకం ప్రకటించాక, పీఠం ఎక్కకముందు ఆయన్ని ఏమని రాయాలి? మా డెస్క్‌లో "ఎన్నికైన బిషప్" అని వేస్తున్నారు.

మధ్యాహ్న_బులెటిన్:
అది ఇంగ్లీషు "బిషప్-ఎలెక్ట్" నుంచి వచ్చిన పొరపాటు, ఇక్కడ ఓట్లు వేసేవాళ్లెవరూ లేరు. "నియమిత బిషప్" అని వేయండి. పీఠం ఎక్కిన రోజు నుంచి "బిషప్".