గ్రీజు హోల్ దగ్గర పగుళ్ళు: మెషీన్ తప్పా, నా తప్పా?

ఆటోనగర్ లేత్:

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాదొక చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషీను, నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ. పొక్లెయిన్ బకెట్ పిన్నులు, ఆ పిన్నుల చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్‌లు చేస్తాం. ఇన్నాళ్ళూ హార్డెనింగ్, అంటే పై పొరని కాల్చి చల్లార్చి గట్టిపరచడం, బయటే చేయించాం. జాబ్ అక్కడ నాలుగేసి రోజులు పడుండేది, పార్టీ ఏమో నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్ పడలేక సంక్రాంతి దాటాక, కాయిల్‌లో కరెంటు పంపి పిన్నుని వేడెక్కించే పాత ఇండక్షన్ మెషీన్ ఒకటి కొన్నాను. 60 కిలోవాట్లు, 10 కిలోహెర్ట్జ్, నిలువు స్కానర్. పిన్ను తిరుగుతూ కాయిల్ గుండా కిందికి దిగుతుంది, కాయిల్ కింద రింగులోంచి నీళ్ళు చిమ్ముతాయి.

మొదటి నెల బ్రహ్మాండం. 45, 50 ఎంఎం పిన్నులు, ఈఎన్ 8 రకం ఉక్కు. గట్టిదనం చూద్దామని ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారిపోయేది. ఇప్పుడు 60 ఎంఎం లావు, 320 పొడవు పిన్నులు 40 ఆర్డరొచ్చింది. మధ్యలో 8 ఎంఎం గ్రీజు హోల్. వాటిలో 11 పగిలాయి. అన్నీ హోల్ అంచు నుంచే, వెంట్రుక మందాన గీత. సాయంత్రానికి ఏడే కనపడ్డాయి, మిగతా నాలుగూ పొద్దున్న షట్టర్ తీసేసరికి. రాత్రి షెడ్డులో పడుకున్న కుర్రాడు "బల్ల మీద ఏదో టిక్‌మంది, ఎలుకేమో అనుకున్నా" అంటున్నాడు.

ఇంకో తలనొప్పి. పగలని వాటిలో కొన్నిటి మీద ఆకురాయి జారుతూ జారుతూ ఒకచోట పట్టేస్తోంది, మళ్ళీ జారుతోంది. సుద్ద పెట్టి గుర్తులేస్తే మర చుట్టులా మెలి తిరిగి వచ్చింది. మెషీన్ అమ్మినాయన ఓల్టేజీ అంటాడు. పవర్ తగ్గించి చూశాను, పగుళ్ళు తగ్గాయి గానీ పిన్ను మొత్తానికే ఆకురాయి పట్టేస్తోంది. మెటీరియల్‌లో మాత్రం కక్కుర్తి పడలేదు, పార్టీ అడిగాడని ఈసారి ఈఎన్ 19 వేశాం. మెషీన్ వెనక్కిచ్చేయమంటారా?

కుషాయిగూడ డ్రిల్లు:

హోల్‌కి చాంఫర్ కొట్టావా అన్నా, అదే, అంచు ఏటవాలుగా చెక్కావా?

ఆటోనగర్ లేత్:

లేదు బ్రో. డ్రిల్లు లేపిన గరుకు అంచు, అదే బర్ర్, తీసి వదిలేస్తాం, అంతే.

పాత ఫోర్‌మన్:

తమ్ముడూ, మెషీన్‌ని వదిలెయ్, దాని తప్పేం లేదు. బాలానగర్‌లో 26 ఏళ్ళు ఇదే పని చేశాను. నువ్వు ఆఖర్న గొప్పగా చెప్పుకున్న ముక్క ఉంది చూడు, ఈఎన్ 19 వేశామని, నీ కొంప ముంచింది అదే. ఉక్కు మార్చావు, నీళ్ళు మార్చలేదు.

ఈఎన్ 8లో కార్బన్ తప్ప చెప్పుకోదగ్గది లేదు. గబుక్కున చల్లబరిస్తేనే గట్టిపడుతుంది, అందుకే దానికి నీళ్ళు సరిపోయాయి. ఈఎన్ 19లో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. దానికంత తొందర అక్కర్లేదు, నెమ్మదిగా చల్లారినా గట్టిపడుతుంది. అలాంటిదాని మీద చన్నీళ్ళు చిమ్మితే పై పొర ఒక్కసారిగా బిగుసుకుని, ఎక్కడ సందు దొరికితే అక్కడ చీలుతుంది. నీ పిన్నులో సందంటే గ్రీజు హోలే. ఇంకోటి, రెండిట్లోనూ కార్బన్ 0.4 శాతం దగ్గరే కాబట్టి పై పొర గట్టిదనంలో పెద్ద తేడా రాదు. ఈఎన్ 19 వేసేది లోపలి గుండె బలం కోసం, అదీ ముందే కాల్చి చల్లార్చి టఫెన్ చేసిన రాడ్ తెచ్చుకుంటేనే.

హోల్ దగ్గరే ఎందుకంటావా? కాయిల్ పుట్టించే కరెంటు పిన్ను చుట్టూ తిరుగుతుంది. దారిలో గుంట ఎదురైతే దానికి పైనా కిందా ఇరుక్కుని పోతుంది, కాలవలో బండరాయి పక్కన నీళ్ళు తోసుకుపోయినట్టు. ఆ అంచులు మిగతా ఒంటికంటే ముందే తెల్లగా కాలిపోతాయి. ఆ వెంటనే హోల్ లోపలికి కూడా నీళ్ళు దూరుతాయి. కాబట్టి హార్డెనింగ్‌కి ముందే హోల్ అంచుకి ఒకటిన్నర ఎంఎం చాంఫర్ కొట్టు, ఆకురాయితో గుండ్రం చెయ్యి. తర్వాత హోల్‌లో రాగి పుల్ల బిగించు. వదులుగా కాదు, సుత్తితో తట్టి దించాలి. కరెంటు దాని మీదుగా దాటిపోతుంది, నీళ్ళూ లోపలికి పోవు.

వట్టి నీళ్ళ బదులు, చలవని నెమ్మదింపజేసే పాలిమర్ కలిపిన నీళ్ళు వాడు. ఆయిల్ జోలికి మాత్రం పోవద్దు, ఎర్రగా కాలిన జాబ్ మీద ఆయిల్ చిమ్మితే షెడ్డే అంటుకుంటుంది.

ఇక ఆ టిక్‌మన్నది ఎలుక కాదు. టెంపరింగ్, అదే ఓవెన్‌లో పెట్టి మళ్ళీ వేడి చెయ్యడం, ఎప్పుడు చేస్తున్నావు?

ఆటోనగర్ లేత్:

ఓవెన్ నిండాక పెడదామని మర్నాడు పెట్టాం గురువుగారూ. 180 డిగ్రీలు, రెండు గంటలు.

పాత ఫోర్‌మన్:

అదీ సంగతి. ఉష్ణోగ్రత బానే ఉంది, ఆలస్యమే బాలేదు. కాల్చి చల్లార్చి వదిలేసిన ఉక్కు లోపల్లోపలే గుంజుకుంటూ ఉంటుంది, తెల్లారేలోపు ఎక్కడో ఒకచోట తెగుతుంది. గంట, మహా అయితే రెండు గంటల్లో ఓవెన్‌లోకి వెళ్ళిపోవాలి. నాలుగే పిన్నులున్నా సరే, ఓవెన్ ఖాళీగా తిరిగినా సరే.

మర చుట్టు సంగతి. పిన్ను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేగంతో దిగుతోంది?

ఆటోనగర్ లేత్:

చుట్లు 40. సెకనుకి 5 ఎంఎం దిగుతోంది.

పాత ఫోర్‌మన్:

లెక్క నువ్వే వేసుకో. ఒక చుట్టు తిరిగేలోపు ఏడున్నర ఎంఎం దిగిపోతోంది. రింగులో ఒక్క రంధ్రం సరిగా చిమ్మకపోయినా ఆ లోటు పిన్ను చుట్టూ మర చుట్టులా గీసుకుంటూ పోతుంది. చుట్లు 120కి పైన పెట్టు. ముందు ఆ రింగు విప్పి రంధ్రాలు చూడు, మీది బోరు నీళ్ళే అయ్యుంటాయి.

ల్యాబ్ కోటు:

పెద్దాయన చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. పాలిమర్‌ని ఈఎన్ 19కి 8 నుంచి 12 శాతం మధ్య మొదలుపెట్టండి. చేత్తో పోసి అంచనా వేయకండి, పాలిమర్ ఎంత కలిసిందో చూసే చిన్న రిఫ్రాక్టోమీటర్ కొనండి. అందులో కనిపించే అంకె శాతం కాదు, దాన్ని పాలిమర్ అమ్మినవాళ్ళు ఇచ్చే గుణకంతో హెచ్చవేయాలి. ఈ పాలిమర్ తమాషా ఏమిటంటే, 70 డిగ్రీల పైచిలుకు వేడికి నీళ్ళలోంచి విడిపోయి జాబ్ ఒంటికి పొరలా పట్టుకుంటుంది, చల్లారాక మళ్ళీ కరిగిపోతుంది. చలవ నెమ్మదించేది ఆ పొర వల్లే. ట్యాంకు 40 డిగ్రీలు దాటనివ్వకండి, బెజవాడ ఎండల్లో అదే కష్టం.

ఒక పిన్ను మాత్రం కోయాల్సిందే. నీళ్ళు పోస్తూ కోసి, ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, స్పిరిట్‌లో 3 శాతం నైట్రిక్ యాసిడ్ కలిపి దూదితో రుద్దితే గట్టిపడిన పొర చుట్టూ ఉంగరంలా విడిగా కనబడుతుంది. యాసిడ్‌ని స్పిరిట్‌లో కొద్దికొద్దిగా పోయాలి. మిగిలింది మూత బిగించి దాచకండి, సీసా పేలుతుంది. రంగు చూసి వేడి చెప్పగలిగే కళ్ళు ఫోర్‌మన్ గారికున్నాయి. మనకి మధ్యాహ్నం షెడ్డు వెలుతురులో 850 డిగ్రీలకీ 950కీ తేడా తెలియదు.

పాత ఫోర్‌మన్:

కళ్ళెప్పుడో పోయాయి బాబూ, అద్దాలతోనే చెబుతున్నా. కోసి చూడమన్నది నిజమే.

ఆటోనగర్ లేత్:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. రింగు విప్పితే 60 రంధ్రాల్లో 22 తెల్లటి గారతో మూసుకుపోయి ఉన్నాయి. ఒకటిన్నర ఎంఎం డ్రిల్లుతో ఒక్కోటీ తెరిచాం, పూట పట్టింది. పుల్లీ మార్చి చుట్లు 130 చేశాను. చాంఫర్, రాగి పుల్ల, 10 శాతం పాలిమర్, గంటలోపే ఓవెన్. 15 పిన్నులు దింపి, పగుళ్ళని ఎర్రగా చూపించే డై పెనిట్రెంట్ కొడితే ఒక్కదాని మీదే ఎర్ర గీత పైకొచ్చింది. ఆ పిన్నులో రాగి పుల్ల వదులైపోయిందని కుర్రాడు అప్పుడు ఒప్పుకున్నాడు. ఇంకోటి కోసి చూస్తే ఉంగరం చుట్టూ సమానంగా 3 ఎంఎం వచ్చింది.

పాత ఆర్డర్‌లో పగలని 29 పిన్నులు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. పార్టీ తొందర పెడుతున్నాడు, పంపేయనా? పగిలిన 11నీ చిన్న సైజుకి తిప్పుదామని లేత్ ఎక్కిస్తే టూల్ మొనలు రాలిపోతున్నాయి.

పాత ఫోర్‌మన్:

29కీ డై కొట్టు. గీత లేనివాటిలో కూడా చుట్టు మచ్చ ఉన్నవి పక్కన పెట్టు, మెత్తటిచోట బుష్ తినేస్తుంది. పగిలిన వాటిని లేత్ మీంచి దించెయ్. వెల్డింగ్ పెట్టి గీత కప్పేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు, బకెట్ కింద మనుషులు తిరుగుతుంటారు. తూకానికి అమ్మెయ్. ఈఎన్ 8 పిన్నులకి మాత్రం ట్యాంకు వేరే పెట్టుకో, ఈ పదిశాతం దాంట్లోనే దింపావంటే అవి మెత్తగా వచ్చి మళ్ళీ మెషీన్‌ని తిడతావు.