లండన్ గార్డు మార్పు: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్తే ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న (తార్నాక నుంచి)
వచ్చే నెల అమ్మానాన్నలతో లండన్‌లో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్తున్నాం. నాన్న పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరయ్యారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డులు మారడం కళ్లారా చూడాలని ఆయనకు ఎప్పటినుంచో ఆశ. రెండు గంటల ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడాలని అక్క అంటోంది. అమ్మేమో అరగంట కూడా నిలబడలేదు. అదే టెన్షన్. ఇద్దరికీ కుదిరే దారి చెప్పండి. టికెట్ ఉంటుందా?

జవాబు 1
టికెట్ లేదండీ. మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో 11కు మొదలై ముప్పావు గంట నడుస్తుంది. వాన గట్టిగా పడితే ఆపేస్తారు కాబట్టి ముందు రోజు ఈ గార్డులుండే సైనిక విభాగమైన హౌస్‌హోల్డ్ డివిజన్ వెబ్‌సైట్ చూసుకోండి.

గేటు దగ్గర చోటు కోసం మాత్రం తాపత్రయపడొద్దు. వెనక వరుసలో దొరికితే ఎలుగుబంటి చర్మం టోపీలు తప్ప ఏమీ కనిపించవు. బ్యాండు మనిషికి అసలు చోటు బర్డ్‌కేజ్ వాక్ మీది వెల్లింగ్టన్ బ్యారక్స్. కొత్త గార్డు అక్కడినుంచే బయల్దేరుతుంది. పది దాటాక వెళ్తే లోపలి మైదానంలో సిపాయిలను వరసగా నిలబెట్టి తనిఖీ చేయడం, బ్యాండు వాయించడం ఇనుప కమ్మీల ఇవతలి నుంచే చూడొచ్చు. రోడ్డు దాటితే సెయింట్ జేమ్స్ పార్కు. అమ్మగారిని అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి, 11కు కాస్త ముందు గార్డు బయటికొచ్చేటప్పుడు పిలవండి.

నాన్నగారిని కోటు గుండీలు చూడమనండి. వాటిని బట్టి ఏ రెజిమెంటో తెలుస్తుంది. ఒక్కొక్కటిగా సమానదూరంలో ఉంటే గ్రెనేడియర్ గార్డ్స్. రెండేసి ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్. ఇది తెలిశాక ఎర్రకోట్లన్నీ ఒకేలా కనిపించవు, ఎవరు డ్యూటీ దిగుతున్నారో ఎవరు ఎక్కుతున్నారో మనమే చెప్పగలం. ఆ ఆనందం వేరు.

జవాబు 2
పొద్దున కుదరకపోతే సాయంత్రం 4కు వైట్‌హాల్‌లో గుర్రాల మీద సిపాయిలు కాపలా కాసే హార్స్ గార్డ్స్‌కి వెళ్లండి. 1894లో విక్టోరియా రాణి వచ్చేసరికి కాపలావాళ్లు తాగుతూ జూదమాడుతున్నారట. వందేళ్లపాటు రోజూ ఆ వేళకు తనిఖీ జరగాలని శిక్ష వేసింది. గడువు తీరినా ఆనవాయితీ ఆగలేదు. గుర్రాలు తంతాయి, కరుస్తాయి అని బోర్డే ఉంటుంది, కళ్లేలు పట్టుకోనివ్వకండి.

జవాబు 3
మాది ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న బస్తీ ఇది. వాళ్ల వారసులైన సిద్దీలు ఇక్కడ ఇప్పటికీ డప్పుల మోతతో సాగే మర్ఫా వాయిస్తారు. లండన్ వెళ్లేలోపు మీ నాన్నగారికి ఒకసారి అదీ వినిపించండి. వాయిద్యం తెలిసినవారు కదా, తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు
బ్యారక్స్ ఖాయం చేశాం. బుధవారం వెళ్తాం. మెట్రోలో అమ్మకు మెట్ల బాధ ఉంటుందా?

జవాబు 1
వెస్ట్‌మిన్‌స్టర్‌లో దిగండి, లిఫ్ట్ ఉంది. అక్కడినుంచి దారంతా చదునే. మధ్యలో పార్కులో ఆగుతూ నిదానంగా రండి.