కార్బన్ ప్యానెల్‌లో దెబ్బ లేదని న్యూరల్ నెట్‌వర్క్ చెబితే స్కాన్ మానేయొచ్చా?

కార్బన్_పొర (బెంగళూరు):
విమానం కార్బన్ ఫైబర్ ప్యానెల్ మీద స్పానర్ జారిపడితే పైన గీత కూడా కనపడకపోవచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. మా ల్యాబ్‌లో పీజెడ్‌టీ బిళ్లలు (కరెంటిస్తే కంపించేవి, కంపిస్తే కరెంటిచ్చేవి) అతికించి లాంబ్ తరంగాలు, అంటే ప్యానెల్ వెంట సాగే కంపనాలు, పంపుతున్నాం. అవతలి బిళ్ల అందుకున్న సిగ్నల్ చూసి దెబ్బ ఎక్కడుందో ఉదాహరణలతో ట్రైనింగ్ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ చెప్పేస్తోంది. తేజస్ యుద్ధవిమానం ఎయిర్‌ఫ్రేమ్ (ఒంటి చట్రం) బరువులో 45 శాతం ఇలాంటి కాంపోజిట్లే. అంతా అంగుళం అంగుళం స్కాన్ చేస్తూ కూర్చోవాలా? నెట్‌వర్క్ బాగుందన్న చోట వదిలేయొచ్చని నా వాదన.

హ్యాంగర్_నైట్‌షిఫ్ట్:
వదిలేయకూడదు తమ్ముడూ. ఒకే ప్యానెల్ సిగ్నళ్లను కలిపేసి, కొన్ని ట్రైనింగ్‌కి, కొన్ని టెస్ట్‌కి పంచారా? చాలామంది చేసేది అదే. అప్పుడు నెట్‌వర్క్ నేర్చుకునేది దెబ్బను కాదు, ఆ ప్యానెల్‌ను. బిళ్ల కింద జిగురు మందం, గది వేడి అన్నీ సిగ్నల్‌లో ఉంటాయి. ఏప్రిల్‌లో మన ఊళ్లో తెల్లవారుజామున 22 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 34. వేడికి రెజిన్ (ఫైబర్ పొరల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్) కాస్త మెత్తబడి తరంగం ఆలస్యంగా చేరుతుంది. పొరలు విడిన చోటా ఏ-జీరో తరంగం (లాంబ్ తరంగాల్లో ఒక రకం) నెమ్మదిస్తుంది. దెబ్బ లేనివన్నీ పొద్దున, దెబ్బ కొట్టినవన్నీ మధ్యాహ్నం తీశారనుకో, నెట్‌వర్క్ ఎండను చూసి దెబ్బ అంటుంది. మార్కులు నూటికి నూరొచ్చినా హ్యాంగర్‌లో పనికిరాదు.

కార్బన్_పొర:
అన్నా, బేస్‌లైన్ సిగ్నల్‌ను (దెబ్బ లేనప్పుడు తీసినదాన్ని) సాగదీసి ఉష్ణోగ్రత తేడా సరిచేయడం పాత పద్ధతేగా. అసలు కష్టం ప్యానెళ్లతో. ఒకసారి ఇంపాక్ట్ చేసింది మళ్లీ బాగుపడదు. అందుకే సిమ్యులేషన్‌లో వేల సిగ్నళ్లు తయారుచేసి, అసలైనవి కొన్ని కలుపుతాం.

రెజిన్_రాగం (వైట్‌ఫీల్డ్):
సాగదీయడం కొద్ది డిగ్రీల దాకానే. తేడా పెరిగేకొద్దీ సిగ్నల్ ఆకారమే మారిపోతుంది. పైగా కొన్ని ప్రయోగాల్లో అయస్కాంతమో చిన్న బరువో అతికించి అదే దెబ్బ అంటున్నారు. పొరలు విడిపోవడం, పైన బరువు పెట్టడం ఒకటెలా అవుతాయి? నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

హ్యాంగర్_నైట్‌షిఫ్ట్:
సరిగ్గా చెప్పారండీ. విమానాల్లో సగటు మార్కులు అడగరు. ఎంత సైజు దెబ్బను 90 శాతం సార్లు పట్టుకుంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలవు? ఆ సైజు కావాలి. నెట్‌వర్క్ ‘ఇక్కడ చూడు’ అంటే ముందు అక్కడే స్కాన్ చేస్తాను. ‘చూడక్కర్లేదు’ అంటే మాత్రం సంతకం పెట్టను, అందులో ఎగిరే మనిషి ఉన్నాడు. ట్రైనింగ్‌లో అస్సలు చూపించని ప్యానెల్ ఒకటి తీసుకుని, నిజంగా ఇంపాక్ట్ చేసి, ఎండవేళ పరీక్షించు. ఫలితం ఇక్కడ పెట్టు.

కార్బన్_పొర:
పెడతాను అన్నా. మరి ‘ఇక్కడ చూడు’ దాకా ఒప్పుకున్నట్టేగా?